జలుబు తగ్గాక

"పాపను ఇవాళైనా తీసుకెళ్తారా, లేక సాయంత్రానికి ఇంకో కథ తయారుచేస్తారా?"

చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ అడిగింది ఇల్లాలు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను పని ఆమెది. పాపకు ఇంతకుముందు టీకాలన్నిటికీ తనే సెలవు పెట్టింది. ఈసారి సెలవు అనగానే సూపర్‌వైజరు, "అలాగేనమ్మా, ఇక ఇంట్లోనే ఉండిపో" అన్నాడు. తొమ్మిది నెలలు నిండగానే వేయించాల్సిన తట్టు టీకా అలా మిగిలిపోయింది. పాపకిప్పుడు పదకొండో నెల. వెనక వీధిలో ఇద్దరు పిల్లలకు తట్టు వచ్చింది. ఒకణ్ణి ఆసుపత్రిలో చేర్చారు.

"తీసుకెళ్తానే! నా పని కిందటి వారమే అయిపోయింది. ఖాళీగానే ఉన్నాగా" అన్నాడు అతను.

"మాటలు చెప్పడంలో మీ తర్వాతే ఎవరైనా. మధ్యాహ్నం దాకానే వేస్తారు. పడుకోకండి."

ఆమె వెళ్లింది. అతను పాపకు గౌను తొడిగాడు. టోపీ పెట్టాడు. పాప తుమ్మింది.

టోపీ తీసేశాడు.

అంతలో వీధిలోకి మైకు బండి వచ్చింది. "అమ్మలారా, అయ్యలారా! చిన్న జలుబుందని టీకా మానకండి!" తేనె పూసినట్టున్న గొంతు. పాప గిలక్కాయ వదిలేసి చటుక్కున అటు తిరిగింది.

"చదివేవాడికేం, రాసిచ్చింది చదువుతాడు" అన్నాడు అతను పాపతో. "ముక్కు తుడిచేవాడికి తెలుస్తుంది కష్టం. కదూ?"

పాపకు వచ్చింది ఒక్కటే మాట: నాన్న. దాన్ని కూడా పొదుపుగా వాడుతుంది. తాతయ్య మిఠాయి చూపించి బతిమాలినా ఇంకెవరినీ అలా పిలవలేదు. ఇప్పుడు ఆ మాటా అనకుండా గుమ్మం వైపు చూస్తూ కాళ్లాడించింది.

పక్కింటి పిన్ని మనవణ్ణి చంకనేసుకుని గుమ్మంలో ఆగింది.

"బయల్దేరావా అబ్బాయ్? కిందటిసారి వీడికి జ్వరమొచ్చిందని మా కోడలు వద్దంటూనే ఉంది. ఈ మైకులో మాటలు విన్నాక నాకే కాళ్లు నిలవలేదు. లాక్కొచ్చేశా."

"మీరు పదండి పిన్నీ. పాపకు జలుబు చేసింది."

పిన్ని పాప ముక్కు చూసింది. బండి వెళ్లిన వైపు చూసింది. తర్వాత అతని మొహం చూసింది.

"నీకు నేను చెప్పేదేముందిలే నాయనా!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అతనికి కాస్త సిగ్గేసింది. టోపీ మళ్లీ పెట్టాడు. పాపను ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చాడు కూడా. కానీ కిందటిసారి సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు భార్యకు తోడు వెళ్లి, నర్సమ్మ సూది తియ్యగానే పాప కంటే ముందు తనే కెవ్వుమన్నాడు. వరసలో ఉన్న తల్లులంతా పకపకా నవ్వారు.

"పిల్ల ఏడుస్తుందని వెనకాడకండి! సూది నొప్పి క్షణంలో పోతుంది!" అంది మైకు, పక్క వీధిలోంచి.

"ఆ క్షణం ఎవరు చూడాలి?" అని గొణుక్కుని కిటికీ మూశాడు. పాప ఏడుపు లంకించుకుంది. తెరిచాడు. ఠక్కున ఊరుకుంది.

పాపను గుండెల మీద వేసుకుని కాసేపు నడుం వాల్చాడు. లేచేసరికి టీకాల వేళ దాటిపోయింది.

సాయంత్రం ఆమె వస్తూనే పాప చెయ్యి తడిమి చూసింది. సూది గుర్తు లేదు.

"ఏం కథ ఇవాళ?"

"కథ కాదే, తుమ్మింది. జలుబు తగ్గాక వెళ్దాం. వచ్చేవారం ఖాయం."

"వెనక వీధి రెండోవాణ్ణి కూడా చేర్చారట. ఊపిరి ఆడటం లేదట. వచ్చేవారం దాకా తట్టు ఆగుతుందా?"

అతను పాపను చంకనేసుకున్నాడు. వీధి మొగలో మైకు బండి చివరి చుట్టు తిరుగుతోంది. "వాయిదా వేయకండి! మీ పాప ప్రాణం మీ చేతుల్లోనే ఉంది!"

పాప అతని చంకలోంచి బండి వైపు రెండు చేతులూ చాచి "నాన్నా!" అని కేక పెట్టింది. కిందటి వారం తను రికార్డు చేసిచ్చిన గొంతును మైకులో కూడా ఇంత చిన్న పిల్ల గుర్తుపట్టినందుకు అతను పొంగిపోయాడు.