కాలేయం ఇచ్చే తేదీ

2071 మార్చి తొమ్మిదిన ఉప్పులేని రాగిజావ తాగాను. మర్నాడు నా గుండె కవాటం మార్చాలి. ఈ కాలంలో ఆపరేషను తేదీ నిలిచేదీ లేనిదీ కాలేయాన్ని బట్టే. అందరిళ్ళలోలాగే మా వంటింటి గోడపెట్టె పూటపూటా చుక్క రక్తం తీసుకుని కాలేయం ఎంత దెబ్బతిందో అంకెలో చెబుతుంది. పన్నెండు దాటితే కత్తి పెట్టరు.

పొద్దున దాకా పదకొండు దాటని అంకె, ఆ సాయంత్రం పందొమ్మిది వచ్చింది.

"ఇప్పుడు కోస్తే రక్తస్రావం ఆగదు. వాయిదా వేస్తున్నాను. కొత్తగా ఏమైనా తీసుకున్నారా?" అంది పెట్టె.

"లేదు," అన్నాను.

"అబద్ధం," అంది మా అక్క వర్ధనమ్మ. "కళ్ళు పచ్చబడ్డాయని మూడు రోజులుగా నేనే పసరు పోస్తున్నా."

"దానికెందుకు చెప్పావక్కా?"

"చెప్పకపోతే రేపు కూడా పోసేదాన్ని, ఆకు నూరి పెట్టాను మొద్దూ!"

పెట్టె మందలించలేదు. "ఆ పసరు మీ కాలేయానికి పడలేదు, ఆపండి. పది రోజులకి మళ్ళీ చూద్దాం," అంది, మా ఆవిడ పోయాక నాతో ఎవరూ మాట్లాడనంత మెత్తగా.

పది రోజులు. రెండడుగులేస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. అక్క నూరిన ఆకు సింకులో పారబోసి వచ్చి, నా వీపు వెనక మూడు దిండ్లు సర్దింది.

"నా చేత్తోనే..." అంది.

"బతుకుతానన్న ఆశతో తాగింది నేనే కదక్కా."

ఆమె తలూపి, తన ఏడుపు నాకు వినబడకుండా తలుపు మెల్లగా మూసింది.