హైమావతి హాస్టల్ సీటు

వంటింటి గోడలే కాలేజీలయ్యాక హాస్టళ్లు దాదాపు అన్నీ మూతపడ్డాయి. నలభై ఆరేళ్ల హైమావతి మాత్రం మిగిలిన ఒక్కదాంట్లో సీటు తెచ్చుకుని పెట్టె సర్దింది.

"ప్రొఫెసర్ గోడ మీదికే వస్తుంటే హాస్టలెందుకే? అక్కడ నీళ్ల సాంబారు, స్నానానికి క్యూ," అన్నాడు భర్త సుదర్శనం.

"క్యూలో ఉన్నంతసేపూ నన్నెవరూ పిలవరు. ఇక్కడ ఎవరు ఏ పనికి పిలిచినా పాఠం దానంతటదే ఆగిపోతుంది. ఏడాదైందండీ, మూడో పాఠం దాటలేదు."

"సర్లే, నా తువ్వాలెక్కడుందో చూడు."

గోడ మీద పాఠం చెబుతున్న ప్రొఫెసర్ మాట మధ్యలో ఆగి, చేతులు కట్టుకుని ఎదురుచూశాడు.

హైమావతి లేచి గోడను ఆర్పేసింది. పెట్టె చేత పట్టుకుంది.

"వెతుక్కోండి. ఇరవై రెండేళ్లుగా మీరూ ఈ ఇంట్లోనే ఉంటున్నారుగా!" అని గడప దాటింది.