చీనీతోట సాక్ష్యం

“పులివెందుల చీనీతోట మీకు రాసిచ్చినాక గూడా మీ నాయన ఆడనే ఉన్నాడు. కాబట్టి అది చనిపోయినాయన ఆస్తి కిందికే వస్తుంది. వారసులుగా మీరు ఎస్టేట్ డ్యూటీ పన్ను కట్టాల్సిందే,” అన్నాడు ప్రభుత్వ వకీలు.

“రాసిచ్చినాక ఒక్క దినం గూడా రాలేదు సార్,” అంది బోనులోంచి ఓబుళమ్మ.

వకీలు పాత సాక్ష్యం కాగితం తీశాడు. “రాసిచ్చిన మరుసటేడు జమ్మలమడుగులో జోసఫ్ ఖూనీ అయిన పొద్దు, మీ నాయన ఈ తోటలోనే ఉన్నాడని మీరే చెప్పినారు. ఆ మాటతోనే ఆయన మీది ఖూనీ కేసు కొట్టేసినారు. ఏది నిజం?”

ఆమె తరఫు వకీలు దగ్గరికొచ్చి గొణిగాడు. “ఉన్నాడనే చెప్పమ్మా. పన్నుతో పోతుంది. లేదంటే దొంగసాక్ష్యం కేసు పడుతుంది.”

ఈ ఇంటివాళ్ల వాయిదా ఏదున్నా జోసఫ్ భార్య సంతోషమ్మ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. ఈరోజూ వచ్చింది.

ఓబుళమ్మ ఆమె వైపే చూసింది.

“ఆ పొద్దు గూడా రాలేదక్కా.”