తొక్కిన పిప్పి

ఆ వేళ కూడా ఆస్పత్రి గేటు ముందు కషాయం పిప్పి పడి ఉంది.

ఉడికి నల్లబడ్డ వేళ్లు, బెరళ్లు, ఏవో పురుగుల డొప్పలు. అప్పుడే ఎవరో తొక్కి పోయినట్టు నలిగి ఉన్నాయి.

"మళ్లీనా!" అన్నాడు డాక్టర్ హాల్‌క్రో.

వంటవాడు ఫాన్ చీపురు పట్టుకుని వచ్చాడు గానీ ఊడవలేదు.

"దీన్ని ఊడవకూడదు దొరా. పిప్పి దారిలో పోస్తే, తొక్కినవాడు రోగాన్ని మోసుకుపోతాడు. అది మా ఆనవాయితీ."

"ఎవడి రోగంరా నా గేటుకి?"

ఫాన్ ఆకాశం వంక చూశాడు.

"వాన పడేలా ఉంది దొరా," అన్నాడు.

వాడు చెప్పకపోయినా హాల్‌క్రోకి తెలుసు. చైనాలో యాంగ్సీ నది గట్టున ఉన్న ఈ ఊళ్లో పిప్పి పుట్టేది ఒక్కచోటే. ఉత్తర ద్వారం వీధిలో, యెన్ వైద్యుడి కొట్లో.

యెన్ పేరు వింటేనే అతని కడుపులో కుంపటి రాజుకునేది. తను స్కాట్లండ్ నుంచి ఓడెక్కి, కత్తులూ సీసాలూ తెచ్చుకుని కూర్చుంటే బల్లల మీద ఈగలు. అక్కడ వేళ్లు నూరే ముసలాడి గుమ్మం ముందు పల్లకీలు.

వసంతానికి రోగులు పెరక్కపోతే ఆస్పత్రి మూసి వచ్చెయ్యమని మిషన్ పెద్దలు కబురు పెట్టారు.

యెన్ మొహం అతనెన్నడూ చూడలేదు. అసూయ పట్టినవాడు ఎదుటివాడి మొహం చూడడు, గుమ్మం ముందు చెప్పులు చూస్తాడు. అవి కంటపడతాయనే ఆ వీధికి పోకుండా చుట్టు తిరిగి నడిచేవాడు.

పైగా ఒంట్లో ఒక రహస్యం. వానల్లో పట్టుకున్న జిగట విరేచనాలు వదల్లేదు. తన సీసాలన్నీ తాగి చూశాడు. మనిషి ఎండి పుల్లయ్యాడు. తన జబ్బు తనే కుదుర్చుకోలేని వైద్యుడని ఊరికి తెలిస్తే ఇక గేటు తియ్యనక్కర్లేదు.

పాయిఖానా కడిగే ఫాన్‌కి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"కాఫీ ఇంత చేదేంట్రా?"

"కాఫీ చేదుగాక తియ్యగా ఉంటుందా దొరా? అలవాటు చేసుకున్నదీ మీరే, అడిగేదీ మీరే."

చలి ముదిరేసరికి కడుపు కుదుటపడింది. బుగ్గల్లో కాస్త కండ పట్టింది.

"ఆలస్యమైనా నా మందే పనిచేసింది," అనుకుని అద్దం ముందు మీసం దువ్వుకున్నాడు.

పిప్పి మాత్రం ఆగలేదు.

ఒకనాడు తెల్లవారుతుండగా గేటు వెనక కాపు కాశాడు.

వంగిపోయిన ముసలాడొకడు మట్టికుండతో వచ్చాడు. పిప్పి కుమ్మరించాడు. చెప్పులు విడిచాడు. మంచులో ఒట్టికాళ్లతో, మట్టి తొక్కే కుమ్మరిలా దాన్ని నింపాదిగా తొక్కాడు.

తర్వాత తలెత్తి, గేటు కమ్మీల్లోంచి హాల్‌క్రో మొహంలోకి చూశాడు. బెదురూ మొహమాటమూ లేదు. సంతలో దూడను చూసినట్టు చూశాడు.

హాల్‌క్రో గేటు తోసుకుని వచ్చాడు.

"యెన్ పంపాడా నిన్ను?"

ముసలాడు బోసినోటితో నవ్వాడు. "యెన్ ఇంకొకర్ని పంపే రకం కాదులే నాయనా."

"ఊళ్లో రోగాలన్నీ తెచ్చి నా గుమ్మంలో తొక్కుతావా? ఫాన్! బాల్చీతో నీళ్లు తే. పొయ్యి వీడి నెత్తిన!"

ఫాన్ బాల్చీ తెచ్చాడు. పొయ్యలేదు.

"నా వల్ల కాదు దొరా. కావాలంటే పనిలోంచి తీసెయ్యండి. అసలీయన..."

ముసలాడు వాడి వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

హాల్‌క్రో బాల్చీ లాక్కుని తనే కుమ్మరించాడు.

ముసలాడు వణుకుతూ మొహం తుడుచుకున్నాడు.

"చేతికి బలమొచ్చిందే!" అన్నాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ వెక్కిరింత హాల్‌క్రోకి మధ్యాహ్నం దాకా అరగలేదు.

మర్నాటి నుంచి గేటు ముందు పిప్పి లేదు. అతను ఈల వేసుకుంటూ తిరిగాడు.

కొన్నాళ్లకు ఒకావిడ పరుగున వచ్చింది.

"యెన్ వైద్యుడి కోడల్ని దొరా. మామగారికి ఊపిరాడడం లేదు. మిమ్మల్ని తీసుకురమ్మన్నారు."

"నన్నా?"

"మిమ్మల్నే."

"ఆయన వేళ్లూ బెరళ్లూ ఏమయ్యాయమ్మా మరి?"

ఆవిడ తల దించుకుంది. వస్తున్నాను పొమ్మన్నాడు.

తొందరపడలేదు. నీళ్లు కాయించుకుని గడ్డం గీసుకున్నాడు. మంచి కోటు తీసి తొడుక్కున్నాడు. కాఫీ అడిగాడు.

"ఇప్పుడు కాఫీ ఏంటి దొరా! పదండి, మీకు దణ్ణం పెడతా," అన్నాడు ఫాన్ ఏడుపు గొంతుతో.

"ఇన్నాళ్లు నన్ను ఖాళీగా కూర్చోబెట్టాడు. కాసేపు ఆయన్ని పడుకోనియ్."

దగ్గరి దారి వదిలి సంత మీదుగా నడిచాడు, చేతిలో మందుల పెట్టె అందరికీ కనబడేలా. యెన్ చివరికి తన కాళ్ల దగ్గరికే వచ్చాడు. ఊరంతా చూడాలి.

కొట్టు చేరేసరికి తలుపు రెక్కలకు తెల్ల కాగితాలు అంటిస్తున్నారు. పోయినవాళ్ల ఇంటి గుర్తు.

లోపల చెక్కబల్ల మీద పడుకోబెట్టిన మనిషిని చూసి గడపలోనే ఆగిపోయాడు.

బోసినోరు. మంచుకు నల్లబడ్డ పాదాలు.

"ముందే... ముందే పిలవాల్సింది," అన్నాడు ఎలాగో. "మందు పడేది."

"మందు కోసం కాదు దొరా," అంది కోడలు. "ఫాన్ మీ కాఫీలో కలిపే కషాయం ఆయనే కాచేవారు. మీ జబ్బు సంగతి ఊళ్లో పొక్కనియ్యలేదు. మీ గేటు ముందు నడిచేవాళ్లే లేరని ఆ పిప్పి తనే తొక్కేవారు."

కళ్లొత్తుకుని మళ్లీ అంది.

"'ఇన్నాళ్లూ మొహం చూసే మందిచ్చాను, పోయేలోగా నా రోగి నాడి ఒక్కసారి పట్టి చూడాలి, పిలవండమ్మా' అన్నారు."