ఎర్ర తాడు

పాత ట్రెడ్‌మిల్ అమ్ముతున్నారని విని జులేఖా గిద్దలూరు నుంచి మార్కాపురం వచ్చింది. సంధ్యారాణి స్విచ్ వేసి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

“చున్నీ తీసి పక్కన పెట్టు, చుట్టుకుంటే పడిపోతావు. ఈ ఎర్ర తాడు క్లిప్పు కమీజుకు తగిలించుకో. తాడు ఊడితే మిషన్ ఆగిపోతాది.”

జులేఖా మెల్లగా నడక మొదలుపెట్టింది.

“నువ్వెంత తగ్గినావక్కా?”

“తొమ్మిది నెలల్లో పద్నాలుగు కిలోలు. నెలకు రెండు కిలోలు దాటొద్దన్నాడు డాక్టరు. తిండి మానొద్దన్నాడు.”

“నేను నడిస్తే మా ఆయన ఎక్కిరిస్తాడు. మీ ఆయన ఏమీ అనలేదా?”

“ఆ కుర్చీలో కూర్చోని చూసేవాడు. స్పీడు పెంచితే ఒప్పుకునేవాడు కాదు.”

“మరి ఇంత మంచి మిషన్ ఎందుకు అమ్ముతున్నావు?”

“చెప్పిన బరువుకు వచ్చేసినా. అరవై ఎనిమిది.”

“అంత లెక్క ఏందక్కా?”

“ఆ బరువుకొస్తేనే నా కిడ్నీ తీసి ఆయనకు పెడతామన్నారు.”

జులేఖా ఖాళీ కుర్చీ వైపు చూసింది. “పెట్టినారా?”

“ఆయన పదకొండో దినం పొద్దున కాటా ఎక్కినా. సరిగ్గా అరవై ఎనిమిది చూపించింది.”

జులేఖా నడవడం మరిచిపోయింది. కాళ్ల కింద పట్టా ఆమెను వెనక్కి లాక్కుపోతుంటే సంధ్యారాణి ఎర్ర తాడు పట్టుకొని లాగేసింది. మిషన్ ఆగింది.

“చూసినావా,” అంది సంధ్యారాణి అదే గొంతుతో, “ఇట్ల ఆగుతాది.”