ఖాళీ హాల్లో చదివిన మాట

చక్రాల కుర్చీ కోర్టు మెట్ల దగ్గర ఆగిపోయింది.

"చెప్తూనే ఉన్నా, ఇంకా ముందే బయల్దేరాలని!" అంది తల్లి. ఆవిడ కళ్ళకు అప్పుడే కూతురు కింద పడిపోయినట్టూ, తీర్పు ఎదురు తిరిగినట్టూ అన్నీ కనిపించేస్తున్నాయి.

"అమ్మా, ఇంకా తలుపులే తీయలేదే," అని నవ్వింది కూతురు.

ఎవరో ముసలాయన గొడుగు చంకలో పెట్టుకుని, వెనక చక్రం పట్టాడు. తల్లి ముందు పట్టింది.

"ఈ మెట్లు ఇంకా ఇలాగే ఉన్నాయే!" అన్నాడు, పైకి చేరాక ఆయాసపడుతూ.

కోర్టు దగ్గర ఊరికే సాయం చేసేవాళ్ళుంటారా? తల్లి చేతిసంచి గట్టిగా పట్టుకుంది.

హాలు బయట బల్ల మీద ఆయన ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

"కేసేమిటమ్మా?"

"మా అమ్మాయికి టీచరుద్యోగం ఇచ్చి, మెట్లెక్కలేదని వెనక్కి తీసుకున్నారండీ. ఇవాళే తీర్పు."

"ఇదే మాట మీద, ఇదే హాల్లో నేను ఓడిపోయానమ్మా. నా మాట వచ్చేసరికి హాలు ఖాళీ. బంట్రోతు ఒక్కడే విన్నాడు."

తల్లి చటుక్కున పక్కకి జరిగింది.

"పొద్దున్నే ఆ మాటే నోట రావాలా బాబాయిగారూ? మీకో దణ్ణం. కాస్త అవతల కూర్చోండి."

"అమ్మా!" కూతురు కసిరింది.

"పర్లేదమ్మాయ్. కన్నతల్లి కంగారు," అంటూ ఆయన లేచి లోపలికి, చివరి వరసలోకి వెళ్ళాడు. గొడుగు బల్ల మీదే ఉండిపోయింది.

తల్లీకూతుళ్ళు లోపల ముందు వరసకి చేరేసరికి జడ్జీలొచ్చారు. తల్లి కళ్ళు మూసుకుంది.

"గతంలో ఇలాంటి కేసులో ఈ కోర్టు పొరబడింది," పెద్ద జడ్జిగారు చదువుతున్నారు. "అప్పుడు మిగతా జడ్జీల తీర్పుని ఒకే ఒక్క న్యాయమూర్తి కాదన్నారు. ఆయన మాటే ఇవాళ మా తీర్పు: మెట్లెక్కలేకపోవడం ఆమె లోపం కాదు. మెట్లు తప్ప మరో దారి కట్టకపోవడం మన లోపం. ఉద్యోగం ఆమెదే."

"గెలిచామా? సరిగ్గా విను, గెలిచామా?"

"గెలిచామమ్మా!"

"మా అమ్మాయేనండీ! టీచరు!" ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ తలెత్తుకుని మరీ చెప్పింది తల్లి.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన. పాపం, ఓడిపోయిన మనిషిని ఎంత మాటనేసింది!

బయట బల్ల మీది గొడుగు తీసుకుని చివరి వరసకి పరిగెత్తింది. అక్కడెవరూ లేరు. గుమ్మం దగ్గర తల నెరిసిన బంట్రోతు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇక్కడ కూర్చున్న పెద్దాయనేరీ? పాపం, కేసు ఓడిపోయారట. వాళ్ళ లాయరు మాట్లాడేసరికి హాల్లో మీరొక్కరేనటగా?"

"ఆ మాట చదవడం వినేసి వెళ్ళిపోయారు తల్లీ. ఆయనకి లాయరెందుకు?"

బంట్రోతు గొడుగుని రెండు చేతులా అందుకున్నాడు.

"కాదన్న జడ్జి ఆఖర్న చదవాలి. ఆ రోజు అప్పటికే జనమంతా లేచిపోయారు. మీరిందాక విన్న ఆ మాట, అదిగో ఆ పై కుర్చీలో కూర్చుని, నా ఒక్కడికే చదివి వినిపించింది ఆయనే."