తొలిదెబ్బ

ఫైనల్ ఇంకో రెండు నిమిషాల్లో మొదలవుతుందనగా ఫ్యాను ఆగిపోయింది.

టైలరు గబుక్కున ఫోను చూసుకుంది. ఫోనులో ఛార్జింగ్ ఆరు శాతమే ఉంది. పొద్దున్నుంచీ దాన్ని వదలకుండా ఆడుతూ కూర్చుంటే ఇంకెంత మిగులుతుంది!

తప్పదు మరి. ఆటలో తను పెంచే జంతువు మిణుగును చిచ్చరపిడుగుగా మార్చాలంటే తెర మీద పెట్టిన వేలు పావుగంట తియ్యకూడదు. తీస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. మధ్యలో తలుపు బెల్లు రెండుసార్లు మోగినా ఆమె కదల్లేదు. చివరికి అరచేతంత మిణుగు ఒళ్లు విరుచుకుని, నీలం మెరుపులు కక్కుతూ చిచ్చరపిడుగైంది. ఆ ఆటలో దానంత వేగం మరే జంతువుకీ లేదు. బలం మాత్రం సున్నా. ఒక్క దెబ్బ తగిలితే చాలు, కూలబడిపోతుంది. ముందు కొడితేనే దానికి బతుకు.

"ఆ జంతువుకి చేసే సేవలో సగం నాకు చేస్తే ఎంత బాగుండేది," అని బస్సు డ్రైవరు మొగుడు రోజూ దెప్పుతాడు. దెప్పనీ. ఏటా జరిగే పేట పోటీలో ఆమె మూడుసార్లు ఫైనల్‌కి వచ్చింది. మూడుసార్లూ 'నత్త' చేతిలోనే ఓడింది. అది అతని ఆటపేరు. మనిషెవరో పేటలో ఎవరికీ తెలియదు. ఎత్తుకి ఒక నిమిషం గడువిస్తే, యాభై తొమ్మిదో సెకను దాకా నానబెట్టి అప్పుడు వేస్తాడు. అది చూస్తే ఆమెకి ఒళ్లు మండిపోతుంది. ఈసారి కూడా ఓడితే ఇక ఆ ఆట జోలికే వెళ్లనని ఒట్టేసుకుంది.

"మా ఇంట్లో కరెంటు పోయింది. త్వరగా ఆడండి," అని అతనికి రాసింది.

అంతలో గంట మోగింది. గంట మోగాక వచ్చే ఉత్తరాలు ఆట ముగిసేదాకా తెరుచుకోవు. నత్త నుంచి ఏదో వచ్చినట్టు తెర మీద కవరు బొమ్మ వెలిగింది. దాని పక్కనే ప్రత్యర్థి ఎంత దూరంలో ఉన్నాడో కనిపించింది.

ముప్పై అడుగులు.

ముప్పై అడుగులంటే ఈ బిల్డింగులోనే ఉన్నాడన్నమాట.

కిటికీలోంచి తొంగి చూసింది. ఎదురింట్లో ఫ్యాను తిరుగుతోంది. కరెంటు పోయింది తన ఒక్కదానికే. అప్పుడు వెలిగింది బుర్రలో. కింది ఇంటి మాస్టారు! కుట్టుమిషను చప్పుడుకి మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని పోయిన నెల తన ఫ్యూజు పీకి దాచిన ఘనుడు. ఇప్పుడు ఆటలో గెలవలేక, తన ఫోను చచ్చిపోయేదాకా ఆగుదామని మళ్లీ పీకి ఉంటాడు. నిమిషాలు నానబెట్టేది అందుకే!

తొలి ఎత్తు ఆమెదే. చిచ్చరపిడుగు మెరుపులా దూకి నత్తగారి బండతాబేలుని కొట్టింది. తాబేలు సగానికి సగం నీరసించింది. నత్త మామూలుగానే యాభై తొమ్మిది సెకన్లు తిని, డిప్పలోకి ముడుచుకునే ఎత్తు వేశాడు. ఛార్జింగ్ నాలుగుకి దిగింది. లాభం లేదనుకుని ఆమె మూడు నిమిషాల విరామం అడిగింది. ఆటకి ఒక్క విరామమే ఇస్తారు.

కుట్టుపెట్టెలోంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు తీసింది. దొంగలు పడ్డాక కుక్కలు మొరిగి ఏం లాభమని పోయిన నెలే ఒకటి కొని దాచింది. రెండంతస్తులూ గబగబా దిగింది. మెట్ల కింద మీటర్ల దగ్గర అనుకున్నట్టే ఆమె ఇంటి ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. గుండెల మీద ఫోను.

"ఫ్యూజు ఎక్కడ పెట్టారు మాస్టారూ?"

"నేను ముట్టుకోలేదమ్మా, నిజంగా! ఇందాక ఎవరో..."

"చాల్లెండి. నా చెవిలో పూలు పెట్టకండి."

ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. వినే తీరిక ఎక్కడిది! చేతిలోని కొత్త ఫ్యూజుని ఖాళీలో కసిగా నొక్కి పెట్టి మెట్లెక్కింది.

ఎక్కుతూ తెర చూసుకుంది. అరవై అడుగులు. మొదటి మలుపు తిరిగేసరికి యాభై. తర్వాత నలభై. దూరం తగ్గుతోంది. మాస్టారు వెనకాలే వస్తున్నాడా? చప్పున వెనక్కి తిరిగింది. మెట్ల మీద పురుగు కూడా లేదు. మిగతా మెట్లు పరుగున ఎక్కి, లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

ఫ్యాను తిరుగుతోంది. బల్బు మసకబారి, కాసేపు వణికి, మళ్లీ నిలకడగా వెలిగింది. వారం నుంచీ దానిదిదే వరస. ఇంటి ఓనరమ్మకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

ఛార్జరు గుచ్చింది. విరామం ముగిసింది. చిచ్చరపిడుగు మళ్లీ ముందే కొట్టింది. తాబేలు డిప్ప పగిలింది గానీ ప్రాణం పోలేదు. ఇంకొక్క దెబ్బ చాలు. కానీ ఇప్పుడు వంతు నత్తది.

ముప్పై సెకన్లు. నలభై. యాభై.

యాభై తొమ్మిది.

తాబేలు కదల్లేదు.

'ప్రత్యర్థి ఆడలేదు. విజేత మీరే!' అని తెరంతా నీలం మెరుపులు కురిశాయి.

ఆమె ఎగిరి గంతేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడేళ్ల కసి తీరింది. ఫ్యూజు పీకేసి మాస్టారు ఏమని రాశాడో చూద్దామని, నవ్వుకుంటూ కవరు తెరిచింది.

"రెండో అంతస్తు మీరేనా అక్కా? పొద్దున రెండుసార్లు బెల్లు కొట్టాను, మీరు పలకలేదు. ఓనరమ్మ పంపితే డాబా మీద మీ వైరు అతుకుతున్నా. ఒంటిచేత్తో ఆడుతున్నా కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. మీరేం కంగారు పడకండి, ఫ్యూజు నా జేబులోనే ఉంది."